ఏటా విప్పి కుట్టిన పడవ

మా చిన్నప్పుడు మా పడవకి ఒక్క మేకు కూడా ఉండేది కాదు... పలకలన్నీ కొబ్బరి తాడుతో కుట్టినవే. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకి విరుగుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. నాకు రాయడం అంతంతమాత్రం... తప్పులుంటే మీరే సర్దుకోండి. పడవ సంగతిలో మాత్రం నేను తప్పు చెప్పను.

రాజోలు దిగువన, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర మా ఇల్లు. గోదారి మీద ఆనకట్ట అప్పటికింకా కొత్త. ఒడ్డున కొబ్బరికాయలు ఎక్కించుకుని, అలలు దాటి, దూరంగా ఆగిన ఓడకి చేర్చడం మా అయ్య పని. పడవ ముందు భాగంలో ఎప్పుడూ అమ్మ కూర్చునేది.

ఏటా ఎండాకాలంలో అయ్య ఆ పడవని విప్పేసేవాడు. తాళ్లు కోసి, పలకలన్నీ ఇసకలో పరిచేవాడు. కుళ్లినవి ఒకటో రెండో తీసేసి, కొత్తవి చేర్చి, మళ్లీ మొత్తం కుట్టేవాడు. మొదటిసారి చూసినప్పుడు పడవ చచ్చిపోయిందనుకుని అన్నం తినలేదు నేను...

ఏ పలక పక్కన ఏది రావాలో తెలియడానికి అమ్మ సున్నంతో గుర్తులు పెట్టేది. ఒక గీత, రెండు గీతలు, చుక్క...

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు, పలకలు అలా పరిచి ఉండగా కొబ్బరి షావుకారు వచ్చాడు.

"ఏమోయ్, ఎల్లుండికి ఓడొత్తాదంట. నీ పడవ చూత్తే పొయ్యిలోకి పేర్చినట్టుంది."

"ఆయ్, రేపు సాయంత్రానికి నీళ్లలో ఉంటాదండి," అన్నాడు అయ్య.

"లేకపోతే కాయలు పక్కోడి పడవలో ఏసేత్తాను. ఆడైతే పెళ్లాం లేకుండా కూడా పడవెక్కుతాడు."

అయ్య నవ్వేశాడు.

అయ్య తాడు తేవడానికి వెళ్లగానే, సాయం చేద్దామని పలకలన్నీ పీచుతో రుద్ది కడిగేశాను. నాచు పోయింది, ఉప్పు పోయింది... సున్నం గుర్తులూ పోయాయి. అమ్మ వచ్చి చూసి చేతిలో తట్ట వదిలేసింది.

"ఎంత పని చేశావురా..."

అయ్య తిరిగొచ్చాడు. తంతాడని చేతులు అడ్డం పెట్టుకున్నాను. తన్నలేదు. ఇసకలో కూర్చుని, ఒక పలక ఒళ్లోకి లాక్కుని, అంచు వెంట చిల్లులు తడిమాడు.

"ఇది ముందరది. ఈ వంకర చిల్లు మీ తాత ఏసిందే."

పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు... ఒక్కటీ తప్పలేదు. చూపు మాత్రం పలక మీద లేదు, సముద్రం వైపుంది.

ఎందుకో ఆయన మొహం ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కదల్లేదు.

"అలా ఆడించక్కర్లేదురా. గాలి తగులుతోంది."

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను...

"రెండేళ్లయ్యింది కనపడక. సున్నం గుర్తులు ఊళ్లోవాళ్లు చూడ్డానికే, నాకు చిల్లులు చాలు. ఎవరితోనూ అనకు. తెలిస్తే ఒక్క కాయ కూడా ఎక్కించరు."

రెండేళ్లు... ఆ అలల్లో. అమ్మ ముందు కూర్చునేది దారి చెప్పడానికి. ఒకే ఇంట్లో తిని పడుకునే నాకు తెలియలేదు. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు సాయంత్రానికి పడవ నీళ్లలో ఉంది. ఓడ వచ్చిన రోజున పడవ ముందు భాగంలో అమ్మ చోట నేను కూర్చున్నాను. "ఎడమకి అయ్యా... ఆగు... ఇప్పుడు లాగు." ఓడకి చేరిన మొదటి కాయలు మావే. ఆయన పోయేదాకా నేను నోరు విప్పలేదు.

తరవాత ఆ పడవని నేనూ ఏటా విప్పి కుట్టాను. తాతనాటి పలక ఒక్కటీ మిగల్లేదు... అయినా అది తాత పడవే. కాదన్నవాడితో నేను మాట్లాడను.

ఇప్పుడు నా మనవలు మేకుల పడవ కొన్నారు. కాలవలో బాగానే పోతోంది. మొన్న కళ్లు మూసుకుని దాన్ని తడిమాను... అన్ని మేకులూ ఒక్కలాగే తగిలాయి. ఎవరు కొట్టారో చేతికి తెలియలేదు.

చూడకుండా పట్టుకుంటే ఫలానావాళ్ల చేతిపని అని తెలిసే వస్తువు మీ ఇంట్లో ఇంకా ఏదైనా ఉందా... ఉంటే చెప్పండి, వింటాను.