వట్టివేళ్ల కుప్ప మీద అఫ్రాకోమా

మా ఊళ్ళో అఫ్రాకోమా అత్తంత మొండి మనిషి ఇంకొకరు లేరు. ఆ మొండితనమే మా ఇంటిని కాపాడింది కాబట్టి దాన్ని నేను గొప్పగానే చెప్పుకుంటాను.

ఆమె పొలం ఏటి ఒడ్డున. బంగారం తవ్వేవాళ్ళు వచ్చి గోతులు తీసి, బంగారం వేరుచేయడానికి వాడిన పాదరసమంతా ఆ మట్టికి వదిలేసి పోయారు. ఆ తర్వాత సంతలో ఆమె చేమదుంపల్ని ముట్టినవాళ్ళు లేరు. తన నేలలో పండింది మళ్ళీ ఊరు తినాలి, అదొక్కటే ఆమె పట్టుదల. వ్యవసాయ కాలేజీ వాళ్ళు చెప్పినట్టు కోకో కాయల తొక్కలు బొగ్గు చేసి, పెంటతో కలిపి మట్టిలో వేసింది. పైన వట్టివేళ్ల గడ్డి నాటింది. అత్త గడ్డిని సాకుతోందని ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆయన అంపోఫో.

మేం ఒకరి పొలం ఒకరం వంతులేసుకుని బాగుచేస్తాం. నరకడం, ఎండబెట్టడం, కాల్చడం, ఆ బూడిదలో నాటడం, మా తాతలనాటి నుంచీ ఇంతే. అత్త వంతు రోజు వెళ్ళేసరికి, ఆమె కోసి పెట్టిన వట్టివేళ్ల గడ్డి ఎండి కుప్పగా కనబడింది. పెద్దావిడకి సాయం కదా అని మా ఆయన అగ్గిపెట్టె తీశాడు. అత్త గబగబా వచ్చి కుప్ప మీద కూర్చుంది.

"లే అత్తా, నీ బట్టలు అంటుకుంటాయి."

"అంటుకోనీరా. మట్టిలో విషం ఈ గడ్డి తాగింది. కాలిస్తే అది పొగలో లేచి నీ ఇంటి రేకుల మీదే పడుతుంది. ఆ రేకుల మీంచి జారే వాన నీళ్ళేగా నీ పిల్లలు తాగేది?"

మా ఇల్లు ఆ పొలానికి గాలివాటున ఉంది. మా ఆయన అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. గడ్డిని తనే సంచులకెత్తి, తీసుకెళ్ళి పూడ్చేందుకు వచ్చిన కాలేజీ బండికెక్కించాడు. తర్వాత ప్రతి గడ్డి కోతకీ పిలవకుండానే వెళ్ళాడు.

ఏళ్ళు పట్టింది. చివరికి కాలేజీ వాళ్ళు మట్టినీ దుంపల్నీ పరీక్ష చేసి, ఇక తినొచ్చన్నారు. అయినా సంతలో ఆడవాళ్ళు అత్త బుట్టలోకి తొంగిచూసి ముందుకు పోతున్నారు. అత్త తల వంచుకుని కూర్చుంది. మా ఆయన వెళ్ళి ఆమె పక్కన చతికిలబడి, ఆమె తన కోసం ఉడికించి తెచ్చుకున్న దుంపల గిన్నె లాక్కున్నాడు. ఒక ముక్క తిన్నాడు. మా చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండో ముక్క దాని నోట్లో పెట్టాడు.

పోయేవాళ్ళు ఆగారు. ఒకావిడ వెనక్కొచ్చి బుట్ట ముందు కూర్చుని దుంపలు ఏరుకోసాగింది.

"ఉప్పు తక్కువైందత్తా," అన్నాడు మా ఆయన.

అత్త కాసేపు ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత, "ఉండరా, తెస్తాను," అని లేచింది.