తగు చర్య నిమిత్తం

ఐదారేళ్ళ కిందటి మాట. అచ్చంపేట వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక మండలంలో నేను తహసీల్దారుగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. ప్రభుత్వం పేరు మార్చి ఎన్నేళ్ళయినా మా పల్నాడులో ఆ కుర్చీని ఇప్పటికీ ఎమ్మార్వో అనే అంటారు. ఆడమనిషి కూర్చుంటే ఎమ్మార్వో అమ్మ. నాది రాజుపాలెం పక్కన పల్లె, మాట పెళుసు. "నీ నోటికి ఎంత పెద్ద దొర కూడా దడవాల్సిందేనే" అని మా అమ్మ తిట్టేది. నోరు ఎంత పెళుసైనా కాగితం మీద మాత్రం మెత్తగా రాయాలని రెవెన్యూ శాఖ నాకు నేర్పింది. ఆ మెత్తదనం ఎంత ప్రమాదమో తెలిసింది మాత్రం ఒక మిలిటరీ అధికారి దగ్గర.

ఆ భాద్రపదంలో పైన వానలు దంచికొట్టాయి. ప్రాజెక్టుల గేట్లన్నీ ఎత్తేశారు. కృష్ణ నిండుగా వస్తుంటే మా వాగు నీళ్ళు నదిలోకి దిగే దారి లేక వెనక్కి తన్నాయి. వాగుకూ మెయిన్ రోడ్డుకూ మధ్య పల్లంలో ఒక కాలనీ ఉంది. బోరు మోటార్లు బాగుచేసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు, మిరపకోతలకు పోయే కూలీలు ఉండేది అక్కడే. రోడ్డు ఎత్తు మీద ఉండటంతో వచ్చిన నీరు వచ్చినట్టే దానికి ఆనుకుని నిలిచిపోయింది. కింద తూములు చెత్తతో, కొట్టుకొచ్చిన ముళ్ళకంపతో పూడుకుపోయాయి. రోడ్డుకు ఇవతల అన్నీ మిరపచేలు, నారు నాటి నెల కూడా కాలేదు.

కలెక్టరు గారు రిక్విజిషన్ పంపారు. సివిల్ అధికారులు సైన్యాన్ని సాయానికి పిలవడాన్ని అలా అంటారు. తెల్లారేసరికి ఒక కాలమ్ దిగింది. కాలమ్ అంటే ఒక అధికారి కింద, ఒక పని మీద కదిలే జవాన్ల దళం. లారీలు, రబ్బరు పడవలు, మట్టి తవ్వే పెద్ద మిషను, అన్నీ వాళ్ళవే. మా ఊళ్ళలో మిలిటరీ అంటే ఎలక్షన్లప్పుడు దిగే కేంద్ర బలగాలే. వాళ్ళను చూస్తే తలుపులు వేసుకోవడమే మావాళ్ళకు తెలుసు. ఆ పొద్దున కూడా అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళంతా గబగబా లోపలికి పోయారు.

"ఇది ఆ మిలిటరీ కాదు, అసలు మిలిటరీ" అని నేనే వీధి వీధీ తిరిగి చెప్పాల్సి వచ్చింది.

కాలమ్‌కు పెద్ద ఒక మేజర్. ఉత్తరాది మనిషి, నలభై లోపే ఉంటాయి. ఎంత తొందర పనిలోనూ గొంతు పెంచని రకం. హిందీలో, ఇంగ్లీషులో మాట్లాడేవాడు, నేను తెలుగు చేసి చెప్పేదాన్ని. హైస్కూల్లో దిగి, టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఏం చేయాలో చెప్పండి" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినైనా అడుగుతున్నాడేమోనని.

అక్కడే చలమయ్య బాబాయ్ ఉన్నాడు. ఆ ఊరి మాజీ సర్పంచ్, రోడ్డు పక్కన మిరప వేసిన పెద్ద రైతు. వరసకు నాకేమీ కాడు. మా వైపు ఊరంతా బాబాయిలూ పిన్నులే. ఏ మాటైనా నోట్లో ఆపుకోలేని మనిషి.

"అమ్మాయ్, నాకో డౌటు. పక్క పాకిస్తాన్‌లో మిలిటరీ చెప్పిందే గదా రాజ్యం? బర్మాలోనూ అంతే గదా? ఈయనేంది, ఇంత బలగమేసుకుని వచ్చి నీ ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు? అడుగు" అన్నాడు.

అడగక తప్పలేదు. సిగ్గుపడుతూనే అడిగాను. మేజర్ నవ్వాడు. తను ఒకసారి విదేశంలో కోర్సుకు పోతే పక్క దేశాల అధికారులు కూడా వచ్చారట. ఒకాయనది ఈయన పక్క గదే. ఇద్దరూ ఒకే రకం మీసం, ఒకే రకం బూట్లు, ఇద్దరూ చదువుకున్నది తెల్లవాళ్ళు రాసిపెట్టిపోయిన ఒకే తరహా నిబంధనలు. సివిల్ అధికారి పిలిస్తే రావాలి, పని అయితే వెళ్ళిపోవాలి. దీన్నే ఎయిడ్ టు సివిల్ అథారిటీ అంటారు. ఇద్దరి పుస్తకంలోనూ ఇదే మాట ఉందట.

"మరి తేడా ఎక్కడొచ్చింది అని అడిగాను" అన్నాడు మేజర్. "ఆయన చెప్పాడు. 'మా దగ్గర సివిల్ వాళ్ళు ఎప్పుడు పిలిచినా మీకు తగినట్టు చేయండి అనేవారు. మొదటిసారి మాకు తగినట్టు వరద ఆపాం. రెండోసారి మాకు తగినట్టు అల్లర్లు ఆపాం. మూడోసారి, మళ్ళీ బ్యారక్‌కు ఎందుకు పోవాలి అనుకున్నాం' అని."

నేను తెలుగులో చెబుతుంటే చలమయ్య బాబాయ్ నోరు తెరుచుకుని విన్నాడు. "ఓరి నాయనో! దేశాన్ని ఇంత తేలిగ్గా అప్పజెప్తారా?" అన్నాడు. నేను మాత్రం అది వేరే దేశం కథ కదా అనుకున్నాను. నాకేం తెలుసు!

మధ్యాహ్నానికి నీళ్ళు కాలనీలో నడుము దాటాయి. పడవలు ముసలివాళ్ళనూ పిల్లలనూ తెస్తూనే ఉన్నాయి. సన్నటి వానలో మేమంతా రోడ్డు మీదే ఉన్నాం. అంతలో మస్తాన్‌వలి వచ్చాడు. మా ఆఫీసు బోరు మోటారు బాగుచేసేది అతనే. ఒళ్ళంతా బురద, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, మాయమ్మ దాబా మీదుంది. కాళ్ళు పడిపోయిన మనిషి, లేవలేదు. మా సందులోకి పడవ దూరట్లా, వడి చానా ఉంది. పక్కిల్లు ఇప్పుడే కూలింది. మా గోడలూ నానినయ్యి. రోడ్డు తెంపండమ్మా, నీళ్ళు తీస్తయ్యి" అంటూ రెండు చేతులూ జోడించాడు.

ఆ మాట పూర్తికాక ముందే చలమయ్య బాబాయ్ లేచాడు. వెనక నలుగురైదుగురు రైతులు. "రోడ్డు తెంపితే మా చేల గతేంది? నారు, మందులు, దున్నకం, అంతా నీళ్ళపాలేనా? తెంపటానికి వీల్లేదు!"

వింత ఏమిటంటే, ఇద్దరూ నన్ను వదిలేసి మేజర్ మీద పడ్డారు.

"సార్, మీరు మిలిటరీ. మీకు అడ్డేంది? తెంపండి" అని మస్తాన్‌వలి.

"సార్, మీరు వద్దంటే ఇక ఎవుడూ మాట్లాడడు. వద్దని చెప్పండి" అని చలమయ్య బాబాయ్.

భాష రాకపోయినా విషయం ఆయనకు అర్థమైంది. ఇద్దరి వంకా చూసి, నా వైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కలెక్టరు గారు పొద్దున ఫోనులో "అక్కడున్నది మీరు, చూసి నిర్ణయించండి" అన్నారు. ఆ తర్వాత సిగ్నలే లేదు. తెంపితే రైతులు ఊరుకోరు, తెంపకపోతే ఒక ప్రాణం. అప్పుడు నా చేయి దానంతటదే ఒక కాగితం తీసింది. ఇన్నేళ్ళ అలవాటు మరి. "రోడ్డు విషయమై పరిశీలించి తగు చర్య తీసుకొనవలసినదిగా మేజర్ గారిని కోరడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

బయటివాళ్ళకు ఈ "తగు చర్య" మహిమ తెలియదు. మా ఆఫీసుల్లో రోజుకు వంద కాగితాలు ఈ మాట మీదే నడుస్తాయి. ఏ చర్యో రాయం. ఎవరికి పంపామో వాళ్ళ నెత్తిన పడుతుంది. మంచి జరిగితే మేం రాసినందుకు, చెడు జరిగితే వాళ్ళు చేసినందుకు. పాము చావదు, కర్ర విరగదు.

మేజర్ కాగితం అందుకుని, ఏం రాశారని అడిగాడు. హిందీలో చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"తగినది ఏదో ఎవరు తేల్చాలి మేడమ్?"

"మీరే సార్. మీకు అనుభవం ఉంది."

"రోడ్డు ఎలా తెంపాలో నాకు తెలుసు. ఎక్కడ తెంపితే నీరు ఎంత వేగంగా పోతుందో తెలుసు. తెంపాలా వద్దా అన్నది మాత్రం నన్ను అడగకండి. పొద్దున చెప్పాను కదా, ఆయన కథ."

ఎంత మెల్లగా అన్నాడో! ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, గౌరవంగా, నాకు తిరిగి ఇచ్చాడు. నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. లారీలు ఆయనవి, మిషను ఆయనది, తుపాకులు ఆయనవి. నన్నూ చలమయ్య బాబాయ్‌నీ మస్తాన్‌వలినీ ఒక్క అరుపుతో పక్కకు తోసెయ్యగలడు. తోసెయ్యమని మేం ముగ్గురమూ బతిమాలుతున్నాం కూడా. ఆ మనిషి మాత్రం వానలో నిలబడి, చీర కుచ్చిళ్ళు బురదలో ఈడుస్తున్న ఒక మండలాఫీసు మనిషి నోరు విప్పేదాకా చూస్తున్నాడు. బలాన్ని చూసి జనం భయపడటం నాకు తెలుసు. బలం తనను తాను ఇలా బిగబట్టుకుని నిలబడటం నేను చూడటం అదే మొదలు. దండం పెట్టాలనిపించింది.

"ఎక్కడ తెంపితే ఏమవుతుంది?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

చేత్తో చూపించాడు. పెద్ద తూము దగ్గర తెంపితే కాలనీ త్వరగా తేలుతుంది. కానీ నీళ్ళు నేరుగా చలమయ్య బాబాయ్ చేల మీదికే. దూరంగా, బీడు వైపు తెంపితే చేలు చాలావరకు దక్కుతాయి. కానీ నీరు తీయడానికి సాయంత్రం దాటుతుంది, అప్పటిదాకా గోడలు నిలుస్తాయన్న హామీ లేదు. అంతే చెప్పాడు. ఏది మంచిదో చెప్పలేదు.

నేను మస్తాన్‌వలి మొహం చూడలేదు, చలమయ్య బాబాయ్ మొహమూ చూడలేదు. చూస్తే రాయలేను. ఆ కాగితం చింపేసి ఇంకొకటి రాశాను. "పెద్ద తూము దగ్గర రోడ్డు తెంపండి. ఈ నిర్ణయం నాది." నా ఉద్యోగంలో అంత పొట్టి కాగితం ఎప్పుడూ రాయలేదు. మేజర్ అది మడిచి జేబులో పెట్టుకుని, మడమలు కలిపి నాకు సెల్యూట్ చేశాడు. తిరిగి చేయడం రాక నమస్కారం పెట్టాను.

ఆ తర్వాత వాళ్ళ పని చూడాలి! నేనొక్క మాట చెప్పనక్కర్లేకపోయింది. మిషను రోడ్డును కోస్తుంటే జవాన్లు తాళ్ళు కట్టుకుని అంచున ఇసుక బస్తాలు పేర్చారు, గండి అవసరానికి మించి పెరగకుండా. నీళ్ళు ఒక్కసారి హోరుమంటూ దూకాయి. పచ్చటి మిరప మొక్కలు మా కళ్ళ ముందే ఎర్రటి నీళ్ళలో మునిగిపోయాయి. పొద్దు వాలకముందే సందులోకి పడవ దూరింది. మస్తాన్‌వలి వాళ్ళమ్మను ఒక జవాను వీపున వేసుకుని తెచ్చాడు. ఆమె ఆ కుర్రాడి చెంపలు నిమిరి, మెటికలు విరిచింది. వాళ్ళు దాటాక కాసేపటికి ఆ ఇంటి వెనక గోడ కూలిన చప్పుడు రోడ్డు మీదికి వినిపించింది.

చలమయ్య బాబాయ్ అప్పుడొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేరుగా మేజర్ ముందుకు పోయి, "నా చేను ముంచావు గదయ్యా! మీకు మేం మనుషుల్లాగ కనపడమా?" అని అరిచాడు. మేజర్ కదల్లేదు, నా వైపు వేలు చూపించనూ లేదు. నేనే మధ్యలోకి వెళ్ళాను.

"ముంచింది ఆయన కాదు బాబాయ్, నేను."

"నువ్వా? సొంత పిల్లవనుకున్నానే! నీ చేతులు ఇరిగిపోను! కలెక్టర్ కాడికి పోతా. కోర్టుకెక్కుతా. రేపు ఓట్లప్పుడు మిమ్మల్ని పెట్టినోళ్ళ సంగతి తేలుస్తా. నిన్నొదల్ను!"

ఇంకా చాలా తిట్టాడు. తిట్టి తిట్టి గొంతు పోయాక రోడ్డు మీదే కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఏమన్నాడని మేజర్ అడిగితే, దాచకుండా తిట్లతో సహా అంతా చెప్పాను.

ఆయన చలమయ్య బాబాయ్ వైపు చూశాడు.

"మేడమ్, కలెక్టరు, కోర్టు, ఓటు. మీరు పిలిస్తే వచ్చి పోయే నన్ను, ఆయన చెప్పిన ఈ మూడింటిలో ఒక్కటి కూడా నిలదీయజాలదు. అందుకే తేల్చమని మిమ్మల్ని అడిగాను" అన్నాడు.

మర్నాడు కాలమ్ వెళ్ళిపోయింది. పని అయింది, పోయారు, అంతే. చలమయ్య బాబాయ్ అన్నంత పనీ చేశాడు. విచారణకు రెండుసార్లు పిలిచారు. సంజాయిషీ ఇచ్చాను. పంటనష్టం నేనే దగ్గరుండి రాయించినా, ఆయన నాతో మాట్లాడటానికి ఏడాది పట్టింది. రెండో విచారణ రోజు ఆయన నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని, అందరి ముందూ వేలెత్తి నన్ను చూపిస్తూ, "తెంపించింది ఈమె" అన్నాడు. అవునన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అంత గర్వంగా మరెప్పుడూ అనిపించలేదు.