షట్టర్ దించితే కనిపించే అక్క

మామ పోయిన కబురు నాకు ఒక ఆర్డరుగా వచ్చింది. సోమవారం పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పోయిండు. నిద్రలనే పోయిండు. శ్రద్ధాంజలి ఫ్లెక్సు ఒకటి జెయ్యాలె, ఫోటో పంపుతున్న."

నాచారంలో నాది ఫ్లెక్సుల దుకాణం. ముప్పయ్యేళ్ళు బ్రష్షుతో దుకాణాల పేర్లు రాసిన మనిషి ఫోటోను, ఆయన బ్రష్షుకు పని లేకుండా చేసిన ఫ్లెక్సు మీద నేనే పెట్టాల్సి వచ్చింది. బోడుప్పల్‌లో మా ఇంట్లోనే లాప్‌టాప్ మీద డిజైన్ చేసి, ఉప్పల్‌లో స్నేహితుడి మెషీన్ మీద ప్రింటు తీయించాను. ఆ రోజు నా దుకాణం వైపు వెళ్ళనే లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బోడుప్పల్‌లో మా వీధిలో అందరికీ పెయింటర్ మామే. ఫ్యాక్టరీలో నా ఉద్యోగం పోయి ఖాళీగా తిరుగుతున్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. షట్టర్ల మీద బొమ్మలు వేయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మొదటిరోజు చాక్‌పీసుతో గీసి వదిలేసేవాడు. రంగు మర్నాడే. "పండుకొని లేసిన కండ్లతోని ఇంకోసారి సూడాలె" అనేవాడు. రంగు వేసేదాకా షట్టర్ ఎత్తొద్దని ఓనర్లను బతిమాలుకునేవాడు. ఎత్తితే చుట్టుకునేటప్పుడు గీతలన్నీ చెరిగిపోతాయి మరి.

ప్రతి షట్టర్ మీదా ఒక మూలన ఒక పిల్ల ఉండేది. పదేళ్ళుంటాయి. ఎర్ర రిబ్బను కట్టిన జడ, పాత లంగా, మనకు వీపు చూపించి నడిచిపోతూ ఉండేది. మిఠాయి దుకాణమైనా, మందుల దుకాణమైనా ఆమె ఉండాల్సిందే.

"టైర్ల దుకాన్ల గీ పోరి ఎందుకు మామా?" అని ఓనర్లు గొణిగేవాళ్ళు.

"జరంత జాగనే గదా. ఉండనియ్యి" అనేవాడు.

ఒకసారి టిఫిన్ సెంటర్ షట్టర్ మీద పని చేస్తున్నాం. ఆయన చాయ్‌కి వెళ్ళినప్పుడు, సంతోషిస్తాడనుకుని ఆ పిల్లను ఇటు తిప్పి ముఖం వేశాను. పెద్ద కళ్ళు, నవ్వు, బుగ్గన సొట్ట. నా చేతికి నేనే మురిసిపోయాను. మామ వచ్చి చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి నెమ్మదిగా తుడిచేశాడు.

"బాగనే గీసినవ్ అల్లుడా. కని గామె ఎవలో నాకు తెల్వదు."

ఆ రోజే చెప్పాడు, ఆమె ఆయన అక్క అని. తల్లి లేని ఇల్లు, తండ్రి పొద్దున్నే పనికి వెళ్ళిపోయేవాడు. నీళ్ళకు వెళ్ళినా, ఉప్పుకు వెళ్ళినా అక్క ముందు, ఆమె లంగా అంచు పట్టుకుని తమ్ముడు వెనక. ఆయనకు అయిదేళ్ళప్పుడు ఆమె జ్వరంతో పోయింది. ఫోటో లేదు. "జడ యాదికున్నది. మడిమల పగుళ్ళు సుత యాదికున్నయ్. మొకం ఒక్కటే వస్తలేదు. నేను సూసిందంత ఈపే గదా."

నేను ఫ్లెక్సుల్లోకి మారినప్పుడు మామ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ పిలవకపోయినా ఆయన రంగు డబ్బాలు పట్టుకుని తిరుగుతుంటే ఒకరోజు నేనే విసుక్కున్నాను. "పొద్దంత పైకి చుట్టుకొని ఉండే రేకు మీద ఎవలు సూడాలని గీస్తవ్ మామా?"

"పొద్దంత దుకాణపోల్లది. మూసినంక నాది" అని నవ్వాడు. కాసేపటికి నవ్వకుండా అన్నాడు. "యాదికుండి గీస్తలేను అల్లుడా. గీస్తుంటే ఎప్పుడన్న యాదికొస్తదేమోనని." కళ ఎందుకు పుడుతుందో వివరించే ఉపన్యాసాలు తర్వాత చాలానే విన్నాను. ఒక్కటీ ఆ మాట ముందు ఆనలేదు.

పోయే ముందురోజు, ఆదివారం, "నీ షట్టరొక్కటే బోసిగున్నది" అంటూ మామ వచ్చాడు. షట్టర్ దించి, ఆయన్ని అక్కడే వదిలి నేను ఇంటికి వెళ్ళిపోయాను. సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతు ఏదోలా ఉంది.

"అల్లుడా, జర ఒచ్చి సూసిపో."

"రేపు సూస్త తియ్యి మామా."

"రేపా," అన్నాడు. అంతే. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

సోమవారం మధ్యాహ్నం పాడె మా వీధిలోకి రాగానే, మర్యాద కోసం దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే షట్టర్లు దించారు. అన్నేళ్ళ మామ చేతిపని రెండు వైపులా ఒక్కసారిగా కిందికి దిగింది. ప్రతి రేకు మీదా ఎర్ర రిబ్బను జడ. ఎటు చూసినా అక్క ముందు నడుస్తోంది, మా భుజాల మీద మామ వెనక వెళ్తున్నాడు.

మర్నాడు దుకాణానికి వెళ్ళాను. నా షట్టర్ మీద చాక్‌పీసు గీతల్లో ఆమె ఉంది. ఈసారి మెడ తిప్పింది. చెంప, చెవి, ముక్కు కొస ఉన్నాయి. కన్ను గీశాడో లేదో రేకు మడతల్లో తెలియడం లేదు. మామ భార్యను తీసుకొచ్చి, అక్క ముఖం ఇదేనా అని అడిగాను. "ఆయనకే తెల్వాలె బిడ్డా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ముఖాన్ని చూసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ బతికి లేరు.

"నువ్వే రంగెయ్యి అన్నా" అంటున్నాడు ఆయన కొడుకు. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. నా చెయ్యి పడితే ఆమె మళ్ళీ ఎవరో అయిపోతుంది. పన్నెండు రోజులుగా షట్టర్ ఎత్తలేదు. సందులోని పక్క తలుపు నుంచే వస్తున్నాను, పోతున్నాను. ఎత్తకపోయినా గాలికీ దుమ్ముకూ చాక్‌పీసు రోజూ కొంచెం కొంచెం రాలిపోతూనే ఉంది.

పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రం గీత తేటగా కనిపిస్తుంది. అప్పుడు వెళ్ళి ఎదురుగా నిలబడతాను. ఆమె నన్ను చూడదు. తల కొద్దిగా కిందికి వంచి, నా పక్కనే, అయిదేళ్ళ పిల్లాడి ఎత్తులోకి చూస్తున్నట్టు ఉంటుంది.