ఆకురాయి అందుకునే చెయ్యి

కోదాడలో హైదరాబాదు రోడ్డు పక్కనున్న కాలువల శాఖ బంగళా చుట్టూ నడుమెత్తు గోరింట కంచె ఉండేది. దాన్ని గోడలా చదునుగా కత్తిరించే తోటమాలి మంగ్త్యా, దామరచర్ల దగ్గరి తండావాడు. 1987 వేసవిలో ఆ తండా పక్క కాలువ మీద లస్కరు ఖాళీ ఒకటి పడింది. తూములకు కాపలా ఉండి నీళ్ళు వదిలే పని అది. దొరికితే పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. పోయినసారి వెళ్ళినప్పుడు ఏడాది కూతురు చాందీని ఎత్తుకోబోతే, ఆ పిల్ల జడుసుకొని తల్లి జమునా కొంగులో దూరింది. అది అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

అర్జీ పట్టుకొని వెళ్తే ఇంజనీరు కాదనలేదు.

"తప్పకుండా వెళ్ళవయ్యా. నీలాగా కత్తెరకు పదును పెట్టే మనిషిని ఒకణ్ణి తయారుచేసి మరీ వెళ్ళు. లేకపోతే ఆ కంచె ఎలుకలు కొరికినట్టుంటుంది."

మాట న్యాయంగానే తోచింది. మంగ్త్యా వాచ్‌మన్ ఈదయ్యను వేపచెట్టు కింద కూర్చోబెట్టుకున్నాడు. పెద్ద కత్తెర బోల్టు విప్పి, రెక్కలకు ఎండి అంటిన ఆకుపసరును గాసునూనె గుడ్డతో తుడిచాడు. ఆకురాయిని ఏటవాలు వైపే, ఒకే దిక్కుకు తొయ్యాలన్నాడు. చదును వైపు జోలికి పోరాదు. అది అరిగిందా, రెక్కల నడుమ సందు పడి ఆకు తెగదు, నలుగుతుంది.

ఈదయ్య బుద్ధిగా తలూపి, చదును వైపే బర్రున రుద్దాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మంగ్త్యా ఆకురాయి లాక్కున్నాడు.

"కావాలనే చేస్తున్నవా ఈదన్నా?"

"మరి? నేను నేర్చుకుంటే నువ్వు బస్సెక్కుతవ్, నేను గీ కంచెకు కట్టుబడ్త. నాకు గూడ సూర్యాపేటల ఇల్లున్నది, పెండ్లామున్నది." ఈదయ్య బీడీ ముట్టించాడు. "పర్వతాలు తాత నీకు ఎంత ముద్దుగ నేర్పిండు, యాదికున్నదా? నేర్పుడైంది, ముసలోడు మిర్యాలగూడకు బదిలీ మీద పాయె. ఊకెనే నేర్పిండనుకున్నవా, పిచ్చోడా?"

మంగ్త్యాకు పాత తోటమాలి పర్వతాలు తాగించిన చాయ్‌లు, "నీది పనిమంతుని చెయ్యిరా బిడ్డా" అన్న మాటా గుర్తొచ్చాయి. ఎలుకబోనులో ఎండుచేప పెడతారు. తనకు మెచ్చుకోలు పెట్టారు.

వానలు మొదలయ్యాక, ఊడ్చే పనికి కొత్తగా చేరిన బాలనర్సమ్మ తానే వచ్చి అడిగింది.

"అన్నా, గా కత్తెర నూరుడు నాకు నేర్పరాదే. నీడపట్టున కూసోని చేసే పని."

ఆమె చెయ్యి కుదురైనది. ఆకురాయి ఏటవాలు మీద సాఫీగా జారి, ఇనుము తళుక్కుమంది. నీది పనిమంతురాలి చెయ్యి అన్న మాట మంగ్త్యా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, వేరే మాట అడిగాడు.

"ఏ ఊరు చెల్లె మనది?"

"నేరేడుచర్ల. పిల్లలు మా అమ్మ కాడున్నరు. గాడ ఏదన్న పని దొరికితే పోదామని సూస్తున్న."

అతను ఊరకుండిపోతే సరిపోయేది. దామరచర్ల బస్సు వాకిట్లోకి వచ్చి ఆగినట్టే ఉంది.

"గట్లయితే నేర్చుకోకు. ఇది నేర్చినోళ్ళను ఇడువరు."

"మరి నువ్వు పోవాలంటె ఎవలన్న నేర్వాలె గద?"

"నేర్వాలె."

ఆమె ఆకురాయిని గోనెపట్టా మీద మెల్లగా పెట్టి, చీపురు తీసుకొని వరండా వైపు వెళ్ళిపోయింది. మంగ్త్యా మిగిలిన రెక్కను తన వైపు తిప్పుకున్నాడు.

ఆ లస్కరు పనిలోకి ఇంకెవరో వచ్చారు. దసరాకు తండాకు పోయినప్పుడు చాందీ అతన్ని చూసి జడుసుకోలేదు. గుమ్మంలో నిలబడి, ఇంటికి వచ్చే ప్రతి మగమనిషినీ పిలవమని నేర్పినట్టే, "మామా" అని పిలిచింది.