శాలిబండకు రాని గడ్డి బండ్లు

పట్నం నడుమ శాలిబండ గల్లీలో రాజమణికి నాలుగు బర్రెలుండేవి. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను వాటి పాలతోనే సాకింది. సైదాబాద్ అవతల ఆకుకూరలు పండించే బుచ్చయ్య వారం వారం పచ్చగడ్డి బండి తెచ్చి, మాగి ఎరువైన పెంట నింపుకుని పోయేవాడు. గడ్డికి పెంట, పెంటకు గడ్డి. మధ్యలో పైసా మాటే లేదు.

డెబ్బయ్యో దశకంలో యూరియా బస్తాలు వచ్చాయి. బుచ్చయ్య బండి ఆగింది, చుట్టుపక్కల రైతుల బండ్లూ ఆగాయి. గడ్డి కొనే స్తోమత లేక బర్రెల డొక్కలు ఎండాయి. పెంటకుప్ప మాత్రం గల్లీ మీదికి జరిగింది.

"శుక్రవారం లోపల ఎత్తకుంటే బర్రెలను తోలుకపోతం" అని మున్సిపల్ జవాను చెప్పిపోయాడు.

రాజమణి సైదాబాద్‌కు నడిచి, బుచ్చయ్య మడి దగ్గర ఆగింది.

"అన్నా, ఒక్కసారి బండి కట్టు. నీ కాల్మొక్త."

"ఏంది చెల్లె, గిప్పుడు పెంట ఎవడు మోస్తడు?" అన్నాడు బుచ్చయ్య. "బస్తా ఇప్పి చల్లితే అయిపాయె. నడుమన్న నొయ్యదు."

"నేల రాయి లెక్క అయితున్నదని నువ్వే అంటివి గద!"

పక్క మడిలోని బసవయ్య నవ్వాడు. "కట్టు భాయ్. నీ పాలకూర మంచిగొస్తే మేం గూడ గడ్డి బండ్లు కడ్తం. రాకుంటే చెల్లె బర్రెలు, నీ ఎడ్లు కలిసి ఏడుస్తయి."

ఆ మాటతో రాజమణికి ప్రాణం లేచివచ్చింది. బండ్లు తిరిగి వస్తే బర్రెలు బతుకుతాయి.

బుచ్చయ్య బండి కట్టుకుని వచ్చేసరికి కుప్ప పైకి ఎండి, మాగినట్టే ఉంది. కానీ తిరగేసి చాలా రోజులైంది, లోపల వేడి చావలేదు. మొలకలు మాడతాయని ఆమెకు తెలుసు. చెబితే బుచ్చయ్య ఎక్కడ ఒట్టి బండితో మళ్లిపోతాడోనని నోరు మూసుకుని గంపలెత్తింది.

కొన్నాళ్లకు బుచ్చయ్య మాడిన మొలకలు తెచ్చి గడప ముందు పడేశాడు.

"మాగలేదని ఎరికే నాకు" అంది రాజమణి, తలెత్తకుండా. "చెప్తే కొంటపోవని భయమైంది అన్నా."

"గట్టు మీద పోసి మాగనిద్దును గదనే! మడి పోతే పోయింది, బసవయ్యకేం మొఖం చూపియ్యాలె? ఇయ్యాలనే మల్ల యూరియా తెచ్చుకున్నడు."

తప్పు రాజమణిదేనని గల్లీ అంతా అన్నది. ఆమె దాచింది నిజమే. మరి బస్తా బస్తాకు రాయితీ ఇచ్చిన సర్కారు, పెంట మోసే బండికి ఏమిచ్చింది? ఆ మాట ఎవరూ అడగలేదు. గడ్డి పెరిగిన మడి బీడుపడినా, బండి తోలినవాడు మూటలు మోయడానికి పోయినా, ఆ ఊళ్లో దానికి పెట్టిన పేరు అభివృద్ధి.

గల్లీలో మళ్లీ కుప్ప పెరుగుతుండగానే బర్రెలను కొనడానికి పశువుల బేరగాడు మైసయ్య వచ్చాడు.

"పాలు పిండుకునేటోల్లకే ఇస్తవు గద మైసన్నా?"

"పాలా? డొక్కలు జూడక్కా. గివి ఎవలు పిండుతరు?"

రాజమణి పలుపు విప్పలేకపోయింది. మైసయ్యే వంగి విప్పుకున్నాడు.