కొండ మీద పడవ కుట్టు

మా అన్నయ్య పోయే ముందు సంవత్సరం, బరంపురం దగ్గరి దిగపహండి ఊరు దాటాక ఒక కొండ మీద అటవీశాఖ వాళ్లకు చెక్క బొమ్మ చెక్కి ఇచ్చాడు. తుఫానుకు కూలిన చెట్ల మొదళ్లను ఉన్నచోటే ఉంచి, జంతువులుగా చెక్కించి, వాటిని కలుపుతూ కొండ చుట్టూ బాట వేశారు. అన్నయ్య సముద్రం ఒడ్డున రామయ్యపట్నంలో పడవలు కట్టే వడ్రంగి. ఏం చెక్కావని వదిన అడిగితే చెప్పలేదు. "వచ్చి సూసుకో" అన్నాడట. ఆమె వెళ్లేలోపు అతను పోయాడు. అది జరిగి మూడేళ్లు. మోకాళ్లు పూర్తిగా పట్టేయకముందే ఆ బొమ్మ చూడాలని, మొన్న మార్చిలో వదిన బరంపురం వచ్చి, అక్కడి అంకులి పేటలో మా ఇంట్లో దిగింది.

శనివారం ఉదయం 6.10కి బస్సు. మా పక్క సీట్లో కొండ సంతకు ఎండుచేపల బుట్టతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే కొండ చుట్టూ నడవడానికని చెప్పాను.

"టికెట్టు కొని కొండెక్కుతారా? మా కన్నోరి ఊరు రండి, ఊరికే ఎక్కిత్తాను. దిగినప్పుడు కట్టెల మోపు కూడా ఇత్తాను" అంది.

"నీ బుట్ట నాను మోత్తాను, నా మోకాళ్లు నువ్వు మొయ్యి" అంది వదిన. బస్సు దిగేదాకా ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు.

8.05కి దిగాం. గేటు ఎదుట బడిలో ఆకు దొన్నెల్లో వడలు, బటాణీ కూర తిన్నాం. బాట ఆరు కిలోమీటర్లు, బొమ్మలు పదకొండు. వదిన నడకకు, ఒక్కో బొమ్మ దగ్గర పన్నెండు నిమిషాలు ఆగితే 2.30కి కిందికి రావచ్చని నా లెక్క. ఆఖరి బస్సు 3.15కి. ఎడమ వైపు నీడగా ఉందని అటు ఎక్కాం. అది నా పొరపాటు. అటు 412 రాతి మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కుడి వైపు నుంచే వెళ్లండి, ఏటవాలు తక్కువ.

బొమ్మల మీద నంబరు రేకులే తప్ప చెక్కినవారి పేర్లు లేవు. వదిన ఒక్కోదాన్నీ తడిమి చూసింది. పొడుగు ముక్కు పక్షి దగ్గర, "ఇంత సన్నంగా సెక్కే ఓపిక మీ అన్నకేదీ?" అంది. ఏనుగు చెవి కింద అరచెయ్యి జరిపి, "ఇదీ కాదు. మీ అన్నది ఎడమ సెయ్యి, ఉలి దెబ్బ ఇటు పడదు" అంది. ఆరో బొమ్మ దగ్గర బండ మీద కూలబడింది.

"ఏదీ ఆయనది కాపోతే ఏటి సేద్దాం మరిదీ?"

నేను నీళ్ల సీసా ఇచ్చాను.

11.20కి ఏడోది చేరాం. తల్లి ఎలుగుబంటి, దాని వీపు మీద పిల్ల. రెంటి మధ్యా మూడు వేళ్లు పట్టే బీట. బీట పొడవునా ఎర్రవీ పసుపువీ దారాలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. తల్లి నుదుటి మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు. వదిన దారాలు పక్కకు తీసింది. కింద వరసగా రంధ్రాలు, వాటిలో నల్లబడి తెగిన కొబ్బరి పీచు తాడు ముక్కలు.

"ఇది మొక్కు కాదు మరిదీ, కుట్టు" అని నవ్వింది. ఆ వెంటనే ఎలుగు డొక్కకు మొహం ఆనించింది.

మా తీరంలో పడవ పలకలకు మేకులు కొట్టరు. అంచుల్లో రంధ్రాలు వేసి, మధ్యలో గడ్డి కూరి, పీచు తాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు కుట్టు సాగుతుంది, పలక పగలదు. చెక్కుతుంటే కొయ్య బీటవారినట్టుంది, అన్నయ్య తనకు తెలిసిన పనే చేశాడు. వచ్చినవారు ఆ తాడు చూసి మొక్కు దారం అనుకున్నారు, తామూ ఒక్కొక్కటి కట్టారు.

బాట చూసే అటవీ గార్డు వచ్చాడు. మా మాట విని, "నాదీ మీ పక్కూరు సికిటేనమ్మా. పిల్లల్లేనోళ్లొచ్చి కట్టేత్తన్నారు, తెంపలేక సత్తన్నాను" అన్నాడు.

"ఈ ఎర్ర గుర్తేటి బాబూ?"

"ఈ బొమ్మని సోమారం తీసేత్తారు. సూడండి." చేత్తో తోస్తే పిల్ల కిర్రుమని ఊగింది. "ఎవలి మీదైనా పడితే?"

"కుట్టేత్తాను. కదలకపోతే ఉంచుతావా?"

"బొమ్మని కుట్టడమేటమ్మా!" గార్డు ఆమెనీ ఎలుగునీ మార్చి మార్చి చూశాడు. "సరే. నా ఒళ్లంతా పెట్టి తోత్తాను. కదలకపోతే సారుకి నాను సెప్పుకుంటాను."

అతను గుడిసెకు వెళ్లి 12.15కి రెండు తాళ్లతో వచ్చాడు. ఒకటి నైలాను, ఒకటి నూతి చేదకు కట్టే పీచు తాడు. నైలాను గట్టిదన్నాడు. "తడిత్తే అది జారతాది, పీచు బిగుసుకుంటాది" అని వదిన పీచు తాడు విప్పి, పాయలు తీసి, తొడ మీద సన్నంగా పేనింది. బీటలో ఎండుగడ్డితో పాటు మొక్కు దారాలన్నీ కూరింది. "ఎవల మొక్కు ఆళ్లది. లోపలుంటే పదిలం."

ఈ పని ఒక్కరివల్ల కాదు. బయట ఒకరు తాడు గుచ్చాలి, లోపల ఒకరు లాగాలి. "పడవకి ఆయన బయట, నాను లోపల. ఇరవయ్యేడేళ్లు అంతే" అంది. ఇప్పుడు ఆమె బయట నిలబడింది. మొద్దు లోపలంతా బోలు; నేను వెనక్కి వెళ్లి ఆ బోలులో భుజం దాకా చెయ్యి పెట్టాను.

"లాగు. అది లాగడమా? పెళ్లికూతురికి జడేత్తన్నావా? లాగు!"

ఒక్కో వైపు పంతొమ్మిది రంధ్రాలు. 2.10కి పదకొండే అయ్యాయి. నేను గడియారం చూడడం ఆమె చూసింది.

"బస్సెన్నింటికి?"

"సాయంత్రం దాకా ఉన్నాయిలే వదినా."

2.55కి ముడి పడింది. నీళ్లు పోశాం. గార్డు కాళ్లు తన్నిపెట్టి, భుజం ఆనించి మూడుసార్లు తోశాడు. పిల్ల కదల్లేదు. అతను జేబులోంచి చాకు తీసి ఎర్ర గుర్తు గీకేశాడు.

మిగతా నాలుగు బొమ్మలూ బాగున్నాయి. వదిన ఒక్కదాన్నీ తాకలేదు. 4.20కి రోడ్డు మీదికి వస్తే బస్సు లేదు. అరగంటకు విస్తరాకుల కట్టలతో ఒక లారీ ఆగి, క్యాబిన్‌లో చోటిచ్చింది.

దారిలో వదిన ఎర్రగా కందిన అరచేతులు చూసుకుంటూ, "ఈ కుట్టు ఏడాదే ఉంటాది" అంది. "వానలకి ముందు మళ్లీ కుట్టాలి."

"ఏటేటానా?"

"పడవైతే సెయ్యమా? సూసుకోమన్నాడు గదా, నాను బొమ్మ సూడమన్నాడనుకున్నాను. మీ అన్న నాకు పని పెట్టి ఎల్లాడు మరిదీ" అని తిట్టినట్టే అంది. దిగపహండి రాకముందే నా భుజం మీద నిద్రపోయింది. బరంపురంలో దీపాలు పెట్టే వేళకు దిగాం.

వెళ్లదలచినవారు మార్చిలో వెళ్లండి, నీళ్లు మోసుకెళ్లండి. ఏడో బొమ్మకు దారాలు కట్టకండి. నాకు వీలుపడని ఏడాది అక్కడ ఒకామె ఒంటరిగా పీచు పేనుతూ కనిపిస్తే, వెనక్కి వెళ్లి బోలులో చెయ్యి పెట్టండి. ఆమె లాగమన్నప్పుడు గట్టిగా లాగండి.