విజిల్ ఊదాల్సింది ఎవరు?

మా జగ్గయ్యపేట విలేకరి గారు పోయిన నెల చనిపోయారు. కబురు ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పారు. "వెళ్ళిపోయారు బాబూ. దినాలకి తప్పకుండా రా, నీ పని ఒకటి మిగిలుంది," అన్నారు. ఆయన గురించి నేను రాయడమేమిటని ఊళ్ళోవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఆయన కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టింది నేనే.

విజయవాడలో అచ్చయ్యే ఓ దినపత్రికకు మొదటి సంచిక నుంచీ మా ఊరి విలేకరి ఆయనే. రోజూ మధ్యాహ్నం వార్తలు కవర్లో పెట్టి బస్టాండులో విజయవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. ఫ్యాక్స్ వచ్చాక కూడా కవరు మానలేదు. "ఫ్యాక్సులో అక్షరం చెరిగిపోద్ది, డ్రైవరు చేతిలో పోదు," అనేవారు. ఆ పత్రికకో పట్టుదల ఉండేది. ఎవరి మీద వార్త రాసినా వాళ్ళ వివరణ కూడా పక్కన వేయాల్సిందే. మిగతా విలేకరులు అది ఫోన్లో కానిచ్చేవారు. ఈయన మాత్రం మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడేవారు. అదే ఆయన కొంప ముంచింది.

తొంభైల్లో చిల్లకల్లు దగ్గర మా మేనమామకు సున్నపురాయి క్వారీ ఉండేది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. రాళ్ళు పేల్చే పని నా కింద నడిచేది. ఒకరోజు పేలుడుకి లేచిన రాయి పక్క చేలో మిరపకాయలు కోస్తున్న మనిషి తలమీద పడింది. చందర్లపాడు నుంచి కూలికొచ్చిన ఆడకూతురు. మేం వెళ్ళేసరికి తల లేదు. కాయలు పోసిన గోనెసంచే ఖాళీ చేసి కప్పారు.

మర్నాడు విలేకరి గారు క్వారీకొచ్చారు. తిట్టలేదు, బెదిరించలేదు. నోటుబుక్కు తీసి, "పేల్చే ముందు విజిల్ ఊదాలి కదా బాబూ. ఊదాల్సింది ఎవరు?" అని అడిగారు.

చేతిలో ఉన్న ఇనప రాడ్డుతో కొట్టాను. కిందపడ్డారు గానీ పెన్ను వదల్లేదు. ఆ చేతిమీదే మళ్ళీ మళ్ళీ కొట్టాను. వేళ్ళు పుటుక్కుమనడం విన్నాను. కూలీలు నన్ను లాగకపోతే చంపేసేవాణ్ణే.

పది రోజులకి చేతికట్టుతో మా ఇంటికొచ్చారు.

"నువ్వు కొట్టావని రాస్తున్నా. నీ వివరణ కావాలి."

చొక్కా పట్టుకుని వీధిలోకి గెంటాను. రాస్తే నరుకుతానన్నాను, బండబూతులు తిట్టాను. ఆయన పడ్డచోటే కూర్చుని ఎడమచేత్తో రాసుకున్నారు. "బూతులు మావాళ్ళు వెయ్యరు. మిగతాది వేస్తారు," అన్నారు. వేశారు కూడా.

ఆయన్ని కొట్టిన కేసులో నందిగామ కోర్టులో సాక్షులంతా మేం చూళ్ళేదన్నారు. కేసు కొట్టేశారు. బయట టీకొట్టు దగ్గర ఆయనే నాకో టీ ఇప్పించి, "ఇక భయం లేదుగా. ఇప్పుడు చెప్పు. విజిల్ ఊదాల్సింది ఎవరు?" అన్నారు. గ్లాసు మొహాన విసిరి కొట్టాను. కనుబొమ పగిలి నెత్తురు చొక్కా మీద కారింది. జేబురుమాలు అదిమిపెట్టుకుని, "సరేలే, తొందరేం లేదు," అన్నారు.

ఆ మాటే నన్ను పదేళ్ళు తినేసింది. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. క్వారీ మానేసి బస్టాండు ఎదురుగా టైర్ల షాపు పెట్టుకున్నాను. కవరు ఇవ్వడానికొచ్చినప్పుడల్లా నా షాపు వైపు చూసి, 'ఏం?' అన్నట్టు గడ్డం ఎగరేసేవారు. నేను లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. ఊరంతా నన్ను రౌడీగా చూసింది, మామ పనిముట్టుగా చూశాడు. అడిగితే వీడు నిజం చెప్పగలడని నమ్మింది ఆయనొక్కరే.

తర్వాత పత్రిక మూతపడింది. ఆఖరి కవరు ఇచ్చిన రోజు షాపులోకొచ్చి కూర్చున్నారు. "ఇక మాకు పేపరు లేదు. అయినా అడగాల్సింది అడగాలిగా," అన్నారు. నేను పక్క కొట్టు నుంచి రెండు టీలు తెప్పించాను. ఇద్దరం టీ తాగాం. ఆయన వంకర వేళ్ళతో గ్లాసు పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగారు.

దినాలకి వెళ్ళాను. ఆయన భార్య, వార్తలు కత్తిరించి అతికించిన పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి పేజీ సందు లేకుండా నిండి ఉంది. ఆ కూలిమనిషి చావు వార్త కింద మాత్రం ఎడమచేతి వంకర అక్షరాలతో 'వివరణ' అని రాసి, అర పేజీ వదిలేశారు.

"అది నీ చోటు బాబూ," అన్నారావిడ.

పెన్ను అడిగి తీసుకున్నాను. 'విజిల్ ఊదాల్సింది నేను. అన్నానికి వెళ్ళే తొందరలో ఊదలేదు' అని రాశాను. ఒక్క వరుసలో అయిపోయింది. దాని కింద మిగతా చోటంతా తెల్లగా అలాగే ఉంది.